టెక్సాస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ 'ఎ', 'బి' గ్రేడ్ల వెనక లెక్క ఏమిటి?

కొత్తగూడు:

డాలస్ ఉత్తరాన ఇళ్ళు చూస్తున్నాం. పాప రెండో క్లాసు, బాబు ఏడో క్లాసు. ఒక డిస్ట్రిక్ట్‌కు 'ఎ', పక్కదానికి 'బి' అని చూపిస్తోంది. ఇళ్ళ ధరల్లో మాత్రం చాలా తేడా ఉంది. ఈ అక్షరం అసలు దేన్ని కొలుస్తుంది? 2022 గ్రేడునూ 2025 గ్రేడునూ పక్కపక్కన పెట్టి చూడొచ్చా? లెక్క తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

లెక్కలమాస్టారు:

ముందు అడ్రసు సంగతి తేల్చుకోండి. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, ఊరూ కాదు. తన హద్దుల్లోని ప్రభుత్వ స్కూళ్ళను నడిపే విడి సంస్థ. ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) అన్నా అదే. ఫ్రిస్కో ఊళ్ళోని ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలోనే ఉండాలని లేదు. అదే ఊళ్ళో ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీల కిందికి వచ్చే వీధులున్నాయి.

గ్రేడు ఇచ్చేది టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అంటే టీఈఏ. 2017 నాటి హౌస్ బిల్ 22 అనే రాష్ట్ర చట్టం దీనికి మూలం. మొత్తం మూడు డొమైన్లు, అంటే కొలిచే విభాగాలు.

మొదటిది స్టూడెంట్ అచీవ్‌మెంట్. ఎలిమెంటరీ, మిడిల్ స్కూళ్ళకు ఇది పూర్తిగా స్టార్ అనే రాష్ట్ర పరీక్షల మీదే. ఆ పరీక్షలో కింది నుంచి పైకి మూడు మెట్లు: 'అప్రోచెస్', 'మీట్స్', 'మాస్టర్స్'. 100 పేపర్లలో 80 'అప్రోచెస్' లేదా ఆ పైన, 55 'మీట్స్' లేదా ఆ పైన, 25 'మాస్టర్స్' అనుకోండి. మూడూ కలిపితే 160, దాన్ని మూడుతో భాగిస్తే 53. ఈ 53ని టీఈఏ ఒక పట్టిక ప్రకారం నూటికి మారుస్తుంది. అందుకే పేజీలో కనిపించే 85ను 85 శాతం పాస్ అని చదవకూడదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. హైస్కూల్లో అయితే స్టార్‌కు 40 శాతం, కాలేజీకో ఉద్యోగానికో సైన్యానికో సిద్ధమయ్యారా అని చూసే సీసీఎంఆర్‌కు 40, గ్రాడ్యుయేషన్ రేటుకు 20.

రెండోది స్కూల్ ప్రోగ్రెస్. ఇందులో పార్ట్ ఎ, అదే పిల్లాడు నిరుటితో పోలిస్తే ఎంత ఎదిగాడన్నది. పార్ట్ బి, పేద పిల్లల శాతం ఇంచుమించు సమానంగా ఉన్న స్కూళ్ళతో పోలిక. రెండింట్లో ఏది ఎక్కువైతే అదే తీసుకుంటారు.

మూడోది క్లోజింగ్ ద గ్యాప్స్. వెనకబడిన గుంపుల పిల్లలు ఎలా చదువుతున్నారో చూస్తుంది: పేద కుటుంబాల వాళ్ళు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్ళు, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్నవాళ్ళు వగైరా.

మొదటి రెండు డొమైన్లలో మెరుగైనదానికి 70 శాతం, మూడోదానికి 30. ఉదాహరణకు అచీవ్‌మెంట్ 88, పార్ట్ ఎ 79, పార్ట్ బి 86, గ్యాప్స్ 74 అనుకోండి. 88లో 70 శాతం 61.6, 74లో 30 శాతం 22.2. మొత్తం 83.8, అంటే 84, 'బి'. పిల్లల ఎదుగుదలను చూపే 79 ఈ లెక్కలోకి రానేలేదని గమనించారా? 'రెండింట్లో మెరుగైనది' అనే సూత్రం బలహీనమైన అంకెను పక్కన పెట్టేస్తుంది. కాబట్టి మొత్తం గ్రేడు చూసి ఆగిపోవద్దు.

డిస్ట్రిక్ట్ గ్రేడు 2023 నుంచి స్కూళ్ళ స్కోర్ల సగటు. అది కూడా 3 నుంచి 12 క్లాసుల పిల్లల సంఖ్యను బట్టి. ఎలిమెంటరీలో 300 మంది, స్కోరు 92. మిడిల్‌లో 600, స్కోరు 84. హైస్కూల్లో 1100, స్కోరు 78 అనుకుందాం. 13.8, 25.2, 42.9 కలిపితే 81.9. సగానికి పైగా బరువు హైస్కూలుదే. మీ పాప ఎలిమెంటరీ ఎంత బాగున్నా డిస్ట్రిక్ట్ 'బి' దగ్గరే ఉంటుంది. ఇంకొకటి, డిస్ట్రిక్ట్‌లో ఒక్క స్కూలుకు 'డి' లేదా 'ఎఫ్' వచ్చినా డిస్ట్రిక్ట్ స్కోరు 89 దాటదు. అంటే 'బి' అని ఉన్నంత మాత్రాన అన్ని స్కూళ్ళూ 'బి' అని కాదు.

గోదారిగట్టు:

సంవత్సరాల పోలిక గురించి. డిస్ట్రిక్ట్‌లకు అక్షరాలు మొదలైంది 2018లో, స్కూళ్ళకు 2019లో. కోవిడ్ వల్ల 2020, 2021లో గ్రేడ్లు లేవు. 2022లో 'డి', 'ఎఫ్' రావాల్సినవాటికి 'నాట్ రేటెడ్' అని వేశారు. 2023లో కొలబద్దే మారింది. సీసీఎంఆర్‌లో 'ఎ' రావాలంటే అంతకుముందు 60 చాలు, ఆ ఏడు దాన్ని 88కి పెంచారు. పరీక్ష కూడా మారింది, మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు 75 శాతం మించకూడదన్నారు. దీని మీద డిస్ట్రిక్ట్‌లు కోర్టుకు వెళ్ళడంతో 2023 గ్రేడ్లు 2025 ఏప్రిల్లో గానీ బయటికి రాలేదు. 2024వీ 2025వీ కలిపి 2025 ఆగస్టు 15న ఇచ్చారు. కాబట్టి 2022ను 2025 పక్కన పెట్టకండి. 2023, 2024, 2025 మూడూ వరసగా చూసుకోండి.

అంకెలకు లొంగని విషయాలు కూడా ఉన్నాయి. 'అప్రోచెస్' గీతకు కాస్త కింద ఉన్న పిల్లాణ్ణి పైకి లాగితే వచ్చే పాయింటూ, 'మీట్స్' పిల్లాణ్ణి 'మాస్టర్స్'కు చేర్చితే వచ్చే పాయింటూ ఒకటే. దాంతో గీత అంచున ఉన్నవాళ్ళ మీదే ట్యూటరింగ్ అంతా పెట్టాలనిపిస్తుంది, బాగా వెనకబడ్డ పిల్లలు మిగిలిపోతారు. దీని ఘోరమైన రూపం టెక్సాస్‌లోనే ఎల్ పాసో డిస్ట్రిక్ట్‌లో బయటపడింది. అప్పట్లో హైస్కూళ్ళను పదో క్లాసు పరీక్షతో కొలిచేవారు. తక్కువ మార్కులొచ్చేలా ఉన్న పిల్లలను తొమ్మిదిలో ఆపేయడమో, పదకొండుకు దాటించేయడమో చేసి పరీక్షకు దూరం పెట్టారు. అప్పటి సూపరింటెండెంట్‌కు, అంటే ఆ డిస్ట్రిక్ట్ పెద్దకు, 2012లో ఫెడరల్ జైలు శిక్ష పడింది. ఆ పిల్లలకు పోయిన చదువు మాత్రం తిరిగి రాలేదు. అంకె కోసం పిల్లల్ని పక్కకు నెట్టడం కన్నా అన్యాయం ఏముంటుంది?

మధ్యలో స్కూలు మారే పిల్లల గురించి కూడా తెలుసుకోండి. అక్టోబరు చివరి శుక్రవారం నాడు ఏ స్కూల్లో పేరుందో ఆ స్కూల్లోనే వసంతకాలంలో పరీక్ష రాస్తే ఆ మార్కులు స్కూలు లెక్కలోకి వస్తాయి. నవంబరులో చేరితే రావు. మీ బాబు ఎలా రాసినా ఆ ఏడు స్కూలు గ్రేడుకు సంబంధం ఉండదు.

కొత్తగూడు:

చాలా థాంక్స్ అండీ. మరి మా ఇద్దరు పిల్లల కోసం ఏ పేజీ తెరిచి ఏ అంకె చూడాలి?

పట్టికలపిచ్చి:

టీఎక్స్‌స్కూల్స్ డాట్ గవ్‌లో డిస్ట్రిక్ట్ పేజీ వదిలేసి మీ అడ్రసుకు వచ్చే ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ విడివిడిగా తెరవండి.

పాపకు: ఎలిమెంటరీలో పార్ట్ ఎ, గ్యాప్స్. స్టార్ మూడో క్లాసులో మొదలవుతుంది, దానికి నిరుటి మార్కు ఉండదు. కాబట్టి ఎలిమెంటరీలో ఎదుగుదల లెక్క 4, 5 క్లాసులదే. చిన్న స్కూల్లో ఆ సంఖ్య తక్కువ. పది మంది పిల్లలు అటూ ఇటూ అయితే స్కోరు ఊగుతుంది. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పొద్దు. ఇంకో లోపం, 'మాస్టర్స్'లో ఉన్నవాళ్ళు మళ్ళీ 'మాస్టర్స్'లోనే ఉంటే పూర్తి పాయింటు ఇచ్చేస్తారు. బాగా చదివే పిల్లలకు స్కూలు ఇంకా ఏమైనా నేర్పిందా అన్నది ఈ అంకెలో కనిపించదు. ఎక్కువమంది 'మాస్టర్స్' ఉన్న సంపన్న ప్రాంతాల స్కూళ్ళలో ఇది గుర్తుంచుకోవాలి.

బాబుకు: హైస్కూల్ సీసీఎంఆర్‌ను విడగొట్టి చూడండి. అది ఒక ఏడాది వెనకది, 2025 గ్రేడులో ఉన్నది 2024లో పాసై వెళ్ళినవాళ్ళు. ఒకే పాయింటుకు చాలా దారులున్నాయి. కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్ఏటీలో ఇంగ్లిష్ 480, మాథ్ 530 తెచ్చుకున్నా, కాలేజీ స్థాయి కోర్సులకు పెట్టే ఏపీ పరీక్షలో 3 వచ్చినా, ఉద్యోగ సర్టిఫికెట్ తెచ్చుకున్నా పాయింటు వస్తుంది. తేలికైన సర్టిఫికెట్లతో ఈ అంకె పెంచుకున్న చోట్లు ఉండబట్టే టీఈఏ కొన్నిటిని జాబితాలోంచి తీసేసింది. టీఏపీఆర్ అనే వార్షిక నివేదికలో ఏ దారిన ఎంతమంది వచ్చారో ఉంటుంది. అందులోనే టీచర్ల టర్నోవర్, అంటే ఏటా ఎంతమంది మానేసి వెళ్తున్నారన్నది కూడా చూడండి. గ్రేడులో దానికి చోటే లేదు, నా దృష్టిలో మాత్రం అక్షరం కన్నా అదే ముఖ్యం.

పాప ఎలిమెంటరీ దాటకముందే పరీక్ష మళ్ళీ మారుతుంది. 2025లో వచ్చిన హౌస్ బిల్ 8 ప్రకారం 2027–28 నుంచి స్టార్ బదులు ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెడతారు.