కంట్లో స్టెరాయిడ్ ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్లు చెప్పగలరా?

అమ్మకి షుగర్ వల్ల కుడికంటి రెటీనా మధ్యలో వాపు వచ్చింది. ఆ కన్నుతో చూస్తే పేపర్లో లైన్లు వంకరగా కనిపిస్తున్నాయి. నెలనెలా ఇంజెక్షన్లు వేయిస్తున్నా వాపు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. డాక్టర్ గారు ఇప్పుడు ఓజర్‌డెక్స్ వేద్దామంటున్నారు. 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉన్న సన్నటి పుల్లలాంటిది. సూదితో కంటి లోపల పెడితే కొన్ని నెలలు మందు వదులుతూ అదే కరిగిపోతుంది, తీయాల్సిన పని లేదు.

శుక్లం ఆపరేషన్ ఇదివరకే అయింది కాబట్టి స్టెరాయిడ్ వల్ల శుక్లం వస్తుందన్న భయం లేదు. నా టెన్షన్ అంతా స్టెరాయిడ్‌తో కంటి ప్రెషర్ పెరుగుతుందేమో అనే, అమ్మమ్మకి గ్లకోమా (ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉండేది. మీలో ఎవరికైనా ప్రెషర్ పెరిగిందా? ఎన్ని వారాలకి? చుక్కల మందుతో అదుపులోకి వచ్చిందా? వాపు తిరగబెడితే రెండోసారి వేయించారా? దయచేసి మీ అనుభవం రాయండి.