సమస్య: “తుడిచి యారబెట్ట ధూళి పెరిగె”

నిర్వాహకుడు: ఈసారి ఛందస్సు ఆటవెలది. ‘తు’కు ‘ధూ’తో యతి కుదిరింది. పై మూడు పాదాలు మీవి. సందర్భం మాత్రం నాది: వాక్యూమ్ యంత్రంతో గ్రామఫోను రికార్డులు కడగడం. ద్రవం పోసి, బ్రష్షుతో గాడి వెంబడి రుద్ది, ఆ మురికినీళ్ళను సన్నని చీలిక ఉన్న గొట్టంతో పీల్చేయడం దాని పని. తుడిస్తే ధూళి తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది? చెప్పండి. రికార్డును ‘పళ్ళెం’ అంటే ఒప్పుకుంటాను.

పూరణ 1
గాడిలోని మురికి కరగెను నీటిలో
నీరు గాలికారె నిలిచె మురికి
పీల్చు గొట్టమేది బిగువుగా లాగంగ?
తుడిచి యారబెట్ట ధూళి పెరిగె

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘గాడి’ అని ఏకవచనం వేయడం మరీ నచ్చింది. ఒక పక్కకు ఉండేది ఒకే గాడి, అదే చుట్లు తిరుగుతూ లోపలికి పోతుంది. గాలికి ఆరితే మురికి అడుక్కి దిగి అంటుకుపోతుందన్నదీ నిజమే. కానీ ఆర్యా, ఉన్న మురికి ఉండిపోయిందన్నారు, ‘పెరిగె’ ఎక్కడ? సమస్యలో ముడి ఆ మాటలోనే ఉంది. ‘మురికి’ రెండుసార్లు పడింది కూడా.

పూరణ 2 (కొత్త సభ్యురాలు)
లక్క పళ్ళెమునకు నాల్కహాలును బూయ
గాడి కరగి పాట గంగ గలిసె
నల్ల పొట్టు రాలి నవ్వుల పాలైతి
తుడిచి యారబెట్ట ధూళి పెరిగె

నిర్వాహకుడు: అమ్మా, భావం భేష్. మొదటి పాదంలో యతి తప్పింది, ‘ల’కు ‘నా’ కుదరదు. “ఆల్కహాలు తోడ నద్దంగ లక్కను” అని మార్చి చూడండి.

ఒక సభ్యుడు: యతి సరే, విషయం సరేనా? ఆల్కహాలు కలిపిన ద్రవంతో నేనెన్నో రికార్డులు కడిగాను. ఏదీ కరగలేదు.

నిర్వాహకుడు: మీరు కడిగినవి వినైల్ అనే ప్లాస్టిక్‌వి అయ్యుంటాయి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ ఎల్పీ 1948లో వచ్చింది. అంతకుముందు రాజ్యమేలిన 78 చుట్లవి ఎక్కువగా లక్కవే. అందులో లక్క పట్టి ఉంచేది రాతిపొడిని. ఆల్కహాలుకు లక్క కరిగితే ఆ పొడి బయటపడుతుంది. అంటే ధూళి నిజంగానే పెరిగింది! యతి తప్పినా సమస్య ముడి విప్పింది ఈవిడే.

కొత్త సభ్యురాలు: సవరించుకుంటాను గురువుగారూ. యతి దగ్గర నాకెప్పుడూ టెన్షనే.

పూరణ 3
పంపు నీట గడిగి ఫలకము నెండింప
తెలుపు పొరగ నుప్పు తిష్ఠ వేసె
ఉన్న దుమ్ము పైన నుప్పును జేరంగ
తుడిచి యారబెట్ట ధూళి పెరిగె

నిర్వాహకుడు: ‘తిష్ఠ వేసె’ సహజంగా పడింది. ఉప్పు రెండుసార్లు వేశారు, అయినా రుచి చెడలేదు. డిస్టిల్డ్ వాటర్ వాడమని చెప్పకుండానే చెప్పారు.

పూరణ 4
నోటి పట్టి దుమ్ము నూడువ మరచితి
తొమ్మిదింటి మురికి తోడు వచ్చె
పదవ పళ్ళెమునకు బహుమాన మాయెను
తుడిచి యారబెట్ట ధూళి పెరిగె

నిర్వాహకుడు: హాయిగా నవ్వాను! గొట్టం చీలికకు అటూ ఇటూ ఉండే మెత్తటి వెల్వెట్ పట్టీలను మధ్యమధ్య శుభ్రం చేయకపోతే జరిగేది అచ్చం ఇదే. ‘నోటి పట్టి’ అంటే యంత్రం చూడనివారికి అందదేమో, అదొక్కటే లోటు. ‘తొమ్మిదింటి మురికి తోడు వచ్చె’ లాంటి పాదం నాకు ఏడాదికొకటి తడితే గొప్ప.

పూరణ 1 రాసినాయన: పట్టీ ఒక్కటే కాదు. ఒక పక్క కడిగి తిప్పేసి, అదే మురికి మ్యాటు మీద బోర్లిస్తాం చూడండి, అక్కడా ఇదే కథ. ఇది తట్టి ఉంటే నా ‘పెరిగె’ నిలబడేది.

పూరణ 5
నాలుగైదు చుట్లు నాళము పీల్చగా
ఎండినట్టి పళ్ళెమెక్కె మెఱుపు
గదిని దుమ్ము నెల్ల కౌగిలించుచు లాగె
తుడిచి యారబెట్ట ధూళి పెరిగె

నిర్వాహకుడు: మిగతావారు తప్పు చేస్తే ధూళి పెరిగింది. ఇక్కడ పని మరీ శ్రద్ధగా చేయడం వల్ల పెరిగింది. నా ఓటు దీనికే. తడి పోయాక కూడా పట్టీ రుద్దుకుంటూ ఉంటే స్టాటిక్, అంటే స్థిర విద్యుత్తు, చేరుతుంది, గాలిలో దుమ్మంతా వచ్చి వాలుతుంది. ఒక్క మాట: ‘మెఱుపు’ అతిశయోక్తి కాదా?

పూరణ 5 రాసినావిడ: అనుభవం చెప్పానండీ. రికార్డు పైకెత్తబోతే వేలికి చిటుక్కుమంది.

కొత్త సభ్యురాలు: అయితే ఎన్ని చుట్లు పీల్చాలి?

పూరణ 5 రాసినావిడ: ఒకటి, మహా అయితే రెండు. మీదున్న తడి మెరుపు పోగానే నేను ఆపేస్తాను.