ఉక్కు తీగల గిటార్: బ్రిడ్జి సరిగ్గా ఎక్కడ అతికించాలి?

కొత్తచెక్క
స్కేల్ (తీగ మోగే లెక్కపొడవు) 25.4 అంగుళాలు (645.2 మి.మీ.), బాడీ దగ్గర 14వ ఫ్రెట్, తీగలు 12–53 సెట్ (లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో). నెక్ బిగించి, ఫ్రెట్లు కొట్టడం అయిపోయింది. బ్రిడ్జిలో (పైపలక మీద తీగలు పట్టే దిమ్మ) శాడిల్ (తీగలు ఆనే సన్న పట్టీ) గాడి ముందే కోసి ఉంది, మందం 3.2 మి.మీ. నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్‌కి ఉన్న దూరానికి రెట్టింపు దగ్గర బ్రిడ్జి ముందంచు రావాలా, శాడిల్ రావాలా? పైపలక రెండు ముక్కలూ కలిసే అతుకునే మధ్యగీతగా తీసుకోవచ్చా?

ఉలిపిడి
రెండూ కాదండి. సరిగ్గా రెట్టింపు దగ్గర శాడిల్ పెడితే ఫ్రెట్లు పైకి వెళ్లేకొద్దీ శ్రుతి హెచ్చుతుంది. తీగను నొక్కినప్పుడు అది కాస్త సాగుతుంది, పైగా లావు తీగకి బిరుసు ఎక్కువ. అందుకే శాడిల్‌ని వెనక్కి జరపాలి. మీ సెట్‌కి సన్న ఈ (E) తీగ దగ్గర సుమారు 2 మి.మీ., లావు ఈ (E) తీగ దగ్గర సుమారు 5 మి.మీ. అంటే నట్ నుంచి గాడి మధ్యకి 647.2, 650.2. బ్రిడ్జి ముందంచుని పట్టుకుని కొలవకండి, ఒక్కో బ్రిడ్జిలో గాడి ఒక్కో చోట ఉంటుంది.

కొలత మొదలయ్యేది నట్ మధ్యలో కాదు, ఫ్రెట్‌బోర్డ్ వైపున్న నట్ అంచు దగ్గర. మీటరు స్టీలు స్కేలు చివర అరిగి ఉంటుంది కాబట్టి 10 సెం.మీ. గీతని అక్కడ ఆనించి, చివర్లో 100 మి.మీ. తీసేయండి. ముందు 12వ ఫ్రెట్ నడినెత్తి 322.6 దగ్గర ఉందో లేదో చూడండి. అక్కడే అర మిల్లీమీటర్ తేడా ఉంటే ఫ్రెట్‌బోర్డ్ నట్ వైపు తప్పుగా కోశారన్నమాట. ఆ దోషం మొదటి మూడు ఫ్రెట్లలో గట్టిగా వినపడుతుంది, బ్రిడ్జిని ఎంత జరిపినా పోదు.

తీగలపెట్టె
అతుకు గురించి: తీగలు నడిచేది నెక్ మీద, అతుకు మీద కాదు. నట్‌లోని రెండు ఈ (E) తీగల గాట్ల నుంచి రెండు దారాలు బిగించి లాగి, బ్రిడ్జి చివరి పిన్ను (తీగ చివరని పట్టి ఉంచే మేకు) రంధ్రాల మీద టేపుతో అంటించండి. 14వ ఫ్రెట్ దగ్గర దారానికీ ఫ్రెట్‌బోర్డ్ అంచుకీ మధ్య రెండు వైపులా ఒకే ఖాళీ, 3 మి.మీ. పైచిలుకు, వచ్చేదాకా బ్రిడ్జిని పక్కకి జరపండి. అతుకు నుంచి 1 మి.మీ. తప్పినా కంటికి ఆనదు. 2 దాటితే మాత్రం తప్పు నెక్‌దే, బ్రిడ్జితో సర్దకండి.

అతికించే ముందు సౌండ్‌హోల్‌లోంచి చిన్న అద్దం పెట్టి లోపల చూడండి. పిన్ను రంధ్రాలన్నీ బ్రిడ్జిప్లేటు (బ్రిడ్జి కింద పైపలక లోపలివైపు అతికిన పలక) మీదే పడాలి, ఎక్స్ బ్రేసు (లోపల X ఆకారంలో ఉండే ఊత కర్ర) కాలికి తగలకూడదు.

స్ప్రూస్‌పలక
గాడి ముందే కోయడం నాకు నచ్చని పని. గాడిలేని బ్రిడ్జి అతికించి, తాత్కాలిక టెయిల్‌పీస్‌కి (గిటార్ అడుగు చివర తీగలు పట్టే బిగింపు) రెండు ఈ (E) తీగలు కట్టి, బ్రిడ్జి మీద తగిన ఎత్తున్న చిన్న ఎముక ముక్కని శాడిల్‌లా జరుపుతూ చూస్తే అసలు చోటు దొరుకుతుంది. 12వ ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు చివర్లో ఉండేంతే ఉండాలి (లావు ఈ 2.4, సన్న ఈ 1.8 మి.మీ.), లేకపోతే లెక్క మారిపోతుంది. 12వ ఫ్రెట్ హార్మోనిక్‌నీ (తీగని నొక్కకుండా తాకి మీటిన స్వరం), అక్కడే నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. శాడిల్ 1 మి.మీ. జరిగితే ఆ తేడా సుమారు 2.7 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) మారుతుంది. నొక్కిన స్వరం 5 సెంట్లు హెచ్చుంటే దాదాపు 2 మి.మీ. వెనక్కి. రెండు చోట్లూ దొరికాక గాడిని రూటర్‌తో కోయండి.

ఉలిపిడి
పద్ధతి మంచిదే, కానీ ఆయన బ్రిడ్జిలో గాడి ఉంది కదా. 3.2 మి.మీ. శాడిల్ నెత్తిని అటూ ఇటూ అరగదీసి మిల్లీమీటర్ పైనే సర్దవచ్చు. బి తీగ (16) చుట్టు లేని వట్టి తీగ, దానికి జి కన్నా ఎక్కువ వెనక్కి కావాలి. అందుకే బి దగ్గర మాత్రం శాడిల్ వెనకంచు మీద ఆనేలా అరగదీస్తారు.

తీగలపెట్టె
ఇంత కొలిచాక కూడా చెడేది క్లాంప్ బిగించేటప్పుడే. తడి జిగురు మీద బ్రిడ్జి సబ్బులా జారుతుంది. చోటు ఖాయమయ్యాక రెండు ఈ (E) తీగల పిన్ను రంధ్రాల్లోంచి పైపలకలోకి 3 మి.మీ. డ్రిల్లు దింపి, రెండు బోల్టులు వేసి ఒకసారి పొడిగా బిగించి చూడండి. బ్రిడ్జి అడుగుని గిటార్ మీదే, ముఖం పైకి పెట్టిన 120 నంబరు ఉప్పుకాగితం మీద రుద్ది వంపు కలపండి. అడుగున గీసిన పెన్సిల్ గీతలన్నీ పోవాలి. జిగురు పట్టేలా పైపలక మీద బ్రిడ్జి వచ్చే చోట పాలిష్ గీకేటప్పుడు బ్రిడ్జి అంచుకి అర మి.మీ. లోపల కోయండి. కత్తి పాలిష్‌ వరకే దిగాలి. స్ప్రూస్ పోగులు తెగితే కొన్నాళ్లకి బ్రిడ్జి వెనకంచు సరిగ్గా ఆ గీత దగ్గరే లేస్తుంది.

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో ఏసీ గదిలో తేమ 50 శాతానికి దిగాకే అతికించండి. ఉబ్బిన పైపలక మీద కుదిరిన వంపు, అది ఆరాక కుదరదు.

కొత్తచెక్క
12వ ఫ్రెట్ 322.6 ఉంది. పొడిగా బిగించి కొలిస్తే గాడి మధ్యకి సన్న ఈ 647.2, లావు ఈ 649.4 వస్తోంది. గాడి వాలు తక్కువగా కోశారేమో. బ్రిడ్జిని కాస్త తిప్పి పెట్టనా?

ఉలిపిడి
తిప్పకండి, బ్రిడ్జి వంకర ఎదురుగా నిలబడితే కనిపిస్తుంది, పిన్నులూ పక్కకి పోతాయి. తక్కువైంది 0.8 మి.మీ. లావు ఈ దగ్గర శాడిల్ నెత్తిని మధ్య నుంచి 0.8 వెనక్కి అరగదీయండి, ఇంకా అంతే చోటు మిగిలి ఉంటుంది. బోల్టులు తీయకుండా బ్రిడ్జి చుట్టూ టేపు అంటించుకుని, ఆ తర్వాతే పాలిష్ గీకండి.