మూడుల్‌లో పదింటికి పెట్టిన క్విజ్ మూడున్నరకు తెరుచుకుంది. ఎందుకు?

తాంబరం (అడిగినవారు): అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక డిగ్రీ కాలేజీలో పార్ట్ వన్ (భాషా సబ్జెక్టు) తెలుగు చెప్తాను. వానలకు కలెక్టరు సెలవిచ్చారు, ఇంటర్నల్ పరీక్ష మాత్రం ఆపొద్దని కాలేజీలో అన్నారు. మొదటిసారి మూడుల్‌లో, అంటే కాలేజీ ఆన్‌లైన్ పాఠాలూ పరీక్షలూ నడిపే సాఫ్ట్‌వేర్‌లో, క్విజ్ పెట్టాను. పొద్దున 10కి మొదలు, 11కి ముగింపు, 40 నిమిషాల టైమ్. పదికి పిల్లలంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంటే క్విజ్ ఇంకా మొదలవలేదని వస్తోంది. నాకు ఫోన్ల మీద ఫోన్లు. ఇక ఈరోజుకి లేదని చెప్పి ఊరుకున్నాను. మధ్యాహ్నం మూడున్నరకు దానంతట అదే తెరుచుకుంది! చూసినవాళ్లు రాసేశారు. వాళ్లలోనూ ఐదుగురికి జవాబులు పెట్టినా మార్కులు రాలేదు. సున్నా కూడా కాదు, ఉత్త గీత. పైగా నోట్‌ప్యాడ్ నుంచి ఎక్కించిన ప్రశ్నల్లో తెలుగు బదులు వరసగా ప్రశ్న గుర్తులు. శుక్రవారం మళ్లీ పెట్టాలి, టెన్షన్‌గా ఉంది.

పెరంబూరు: మేడమ్, పదికీ మూడున్నరకీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. మన టైమ్‌కీ గ్రీనిచ్ టైమ్‌కీ తేడా కూడా అంతే. దెయ్యం పని కాదు, గ్రీనిచ్ టైమ్ పని. మీరు 10 అని పెడితే మూడుల్ దాన్ని గ్రీనిచ్ పది అనుకుంది. ఒకటి చెప్పండి, పిల్లల స్క్రీన్ మీద మొదలయ్యే టైమ్ ఎంతని కనిపించింది?

తాంబరం: వాళ్లకీ 10 అనే ఉంది సార్. స్క్రీన్‌షాట్లు పంపారు.

పెరంబూరు: అయితే తప్పు మీ ఒక్కరి ప్రొఫైల్‌లో లేదు. మీది మాత్రమే తప్పుగా ఉంటే పిల్లలకు 3:30 అని కనిపించేది. సైట్ మొత్తానికి పెట్టిన డిఫాల్ట్ టైమ్‌జోనే మారలేదు. అది మీ చేతిలో ఉండదు, సైట్ చూసుకునే అడ్మిన్ మార్చాలి. లొకేషన్ సెట్టింగ్స్‌లో ఏషియా/కోల్‌కతా అని పెడితే చాలు, రెండు నిమిషాల పని. మూడుల్‌ని ఎవరైనా ఉచితంగా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు కాబట్టి ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది. పక్క కాలేజీ వాళ్లని అడిగితే లాభం లేదు.

శుక్రవారంలోపు అడ్మిన్ దొరక్కపోతే మీ ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ మార్చుకుని 10 అని పెట్టండి. పదికే తెరుచుకుంటుంది. కాకపోతే పిల్లలకు తెల్లవారుజాము 4:30 అని కనిపిస్తుంది, ముందే వాట్సాప్‌లో చెప్పేయండి. లేకపోతే ఎవరో ఒకరు అలారం పెట్టుకుని లేస్తారు. ఒకవేళ అడ్మిన్ మార్చేస్తే, ఇదివరకు పెట్టిన అసైన్‌మెంట్ల గడువులన్నీ ఐదున్నర గంటలు ఆలస్యంగా కనిపిస్తాయి. ఒక్కొక్కటి తెరిచి సరిచేసుకోవాలి.

స్విచ్ రోల్ నొక్కి స్టూడెంట్‌లా చూసుకుంటే టైమ్ సంగతి తెలియదు, అప్పుడూ మీ టైమ్‌జోనే చూపిస్తుంది. నేనూ అక్కడే బోర్లా పడ్డాను. ఒక్క ప్రశ్నతో డమ్మీ క్విజ్ పెట్టి, క్లాసులో ఒకరిని తెరవమనండి.

గిండీ: ఆ ఐదుగురి సంగతి నేను చెప్తా. క్విజ్ సెట్టింగ్స్‌లో టైమింగ్ కింద, టైమ్ అయిపోతే ఏం చేయాలి అని ఒకటి ఉంటుంది. మీ దగ్గర బహుశా మూడోది, అంటే టైమ్‌లోపు సబ్మిట్ నొక్కకపోతే లెక్కలోకి రాదు అన్నది ఉండి ఉంటుంది. దాన్ని మొదటిదానికి మార్చండి, టైమ్ కాగానే అదే సబ్మిట్ అవుతుంది. మా దగ్గర సూళ్లూరుపేట నుంచి రైల్లో వచ్చే పిల్లలు ఉన్నారు, దారిలో సిగ్నల్ పోతుంది. అయినా మూడుల్ మామూలుగా నిమిషానికోసారి జవాబులు దాచుకుంటుంది కాబట్టి చివరి ఒకటి రెండు తప్ప పోవు. ఇప్పుడు గీత పడ్డవాళ్ల జవాబులు కూడా లోపలే ఉంటాయి. కొత్త వెర్షన్లలో ఆ అటెంప్ట్ పక్కన రీ-ఓపెన్ బటన్ ఉంటుంది. లేకపోతే ఓవర్‌రైడ్స్‌లో (కొందరికి మాత్రమే వేరే సెట్టింగ్ ఇచ్చే చోట) ఆ పిల్లల పేర్లు ఎంచి మరో అటెంప్ట్ ఇవ్వండి, మిగతా క్లాసుని కదిలించక్కర్లేదు.

తాంబరం: చూశానండీ, మూడోదే ఉంది. నేను పెట్టింది కాదు, ముందు సార్ కోర్సుని కాపీ చేసి ఇచ్చారు. మరి ఆ ప్రశ్న గుర్తులు?

పెరంబూరు: నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ కొట్టినప్పుడు కింద ఎన్‌కోడింగ్ అని ఉంటుంది, యూటీఎఫ్-8 ఎంచండి. ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తే తెలుగు పోయినట్టే, ఆ ఫైల్ మళ్లీ టైప్ చేసుకోవాల్సిందే. ఐకెన్ ఫార్మాట్ (ప్రశ్నలు మామూలు ఫైల్‌లో రాసి ఎక్కించే ఒక పద్ధతి) అయితే ప్రశ్న ఒకే లైన్‌లో ఉండాలి. ఆప్షన్ల ముందు ఇంగ్లీషు పెద్ద ఏ, బి, సి, పక్కన చుక్క. జవాబు లైన్‌లో ఆన్సర్ అన్న మాట కూడా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే. అక్కడ తెలుగు పెడితే తీసుకోదు.

ఒక్క మాటలో రాసే ప్రశ్నలు కూడా ఉన్నాయా? ఆదికవి ఎవరంటే ఒకరు నన్నయ, ఒకరు నన్నయ్య, ఒకరు నన్నయభట్టు అంటారు. మూడుల్ మీరిచ్చిన స్పెల్లింగ్ ఒక్కటే చూస్తుంది. జవాబు గడిలో నన్నయ అని రాసి వెనకే నక్షత్రం గుర్తు పెట్టండి, మూడూ ఒప్పుకుంటుంది.

తాంబరం: శుక్రవారం పరీక్ష సరిగ్గా పదికే మొదలైంది, అడ్మిన్ గారు మార్చేశారు. ఇద్దరికి మధ్యలో నెట్ పోయినా మార్కులొచ్చాయి. చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఒక అబ్బాయి మాత్రం ఆదికవి దగ్గర వాల్మీకి అని రాశాడు. నేను ఏ భాషో చెప్పలేదుగా అంటున్నాడు. ఇప్పుడు మార్కు ఇవ్వడం కుదురుతుందా?

పెరంబూరు: వాడి పాయింటూ నిజమే మేడమ్! ప్రశ్నలో వాల్మీకిని రెండో జవాబుగా చేర్చి నూరు శాతం ఇవ్వండి. తర్వాత రిజల్ట్స్‌లో రీగ్రేడ్ నొక్కండి. అలా రాసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే వాళ్లకీ కలుస్తుంది.