కోరంగి పాత టేకు ఇళ్ళు: విప్పి అమ్ముకుంటే తప్పా?

మండువా మనవరాలు: మొన్న కోరంగి వెళ్ళాను. మా వీధిలో ఇంకో మండువా ఇల్లు విప్పేశారు. స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు అన్నీ లారీకెక్కాయి, ఏదో రిసార్టుకట. ఓడలు కట్టిన ఊరు మనది. బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. రంగం, అంటే రంగూన్, వెళ్ళొచ్చినవాళ్ళు బర్మా టేకుతో కట్టుకున్న ఇళ్ళివి. వీటిని సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) లెక్కన అమ్మేయడం ప్రభుత్వం ఆపాలి.

గౌతమి ఒడ్డు: బర్మా టేకని ఎలా చెబుతున్నారు? గోదావరి మీద తెప్పలుగా కట్టి దించిన మన్యం టేకూ ఉంది కదా.

మండువా మనవరాలు: మా తాతగారు చెప్పారు.

గౌతమి ఒడ్డు: తాతగారి మాట సరిపోదండి, ముందు ఇది తేలాలి. పాత రేవు 1839 నవంబరు ఉప్పెనలో తుడిచిపెట్టుకుపోయింది. ఒండ్రు పూడి వ్యాపారం కాకినాడకి పోయింది. మీ ఇల్లు అంతకు ముందుదా, తర్వాతదా, ఏ ఏడాదిదో చెప్పండి.

తాళ్ళరేవు వాసి: ఏ టేకైనా చెద ఒకటే. ప్రభుత్వం ఆపాలన్నావిడ ఉండేదెక్కడ? మా ఇంటికి ఏడుగురు వాటాదారులం, ఆరుగురు బయటే. ఏటా వానలకి ముందు పెంకు సర్దించేది నేను. నిరుడు మండువాలో దూలం కూలింది. అమ్మ అప్పుడే వంటింట్లోకి వెళ్ళింది కాబట్టి దక్కింది. అప్పుడు ఒక్కరూ రూపాయి పంపలేదు. అమ్ముతానంటే మాత్రం ఆరుగురూ ఫోన్లు చేస్తున్నారు.

మండువా మనవరాలు: మీ అన్నదమ్ముల గొడవ ఇక్కడెందుకండీ? మా చిన్నాన్న మాకు మాటైనా చెప్పకుండా అమ్మేశారు. ద్వారబంధం మీద మూడు తెరచాపల ఓడ చెక్కి ఉండేది. పండక్కి దానికి పసుపు రాసేది నేనే, చెక్కిన గాడిలోకి నా వేలు పూర్తిగా దిగేది. ఇప్పుడది ఎవరి గోడకుందో.

ఉప్పుగాలి: కాస్త శాంతించండి ఇద్దరూ.

బాడిత: ఇంతసేపూ చదివాను. ఆ ఓడ చెక్కినవాడెవడని ఒక్కరూ అడగలేదు. మా తాత తాళ్ళరేవులో ఓడ వడ్రంగి. పలకల సందుల్లో నూలు దట్టించి గుగ్గిలం పట్టించేవాడు. పన్నెండేళ్ళకి నేనూ ఆయన పక్కన సుత్తి పట్టాను. మీ దూలాలెత్తింది మావాళ్ళు. ఇల్లు పూర్తయ్యాక అరుగు దాటనివ్వలేదని నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. ఫైబరు బోట్లొచ్చి మా పని పడిపోయింది. నా కొడుకు యానాంలో కొట్లో పనిచేస్తున్నాడు. ఇల్లు నిలవాలంటారు గానీ, చెక్క చెక్కే బాడిత పట్టేవాడు నిలవాలని అనరేం?

తాళ్ళరేవు వాసి: మా ఇంట్లోనూ అలాగే ఉండేది. అబద్ధమాడను.

మండువా మనవరాలు: మా ఇంట్లో ఎలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు.

గౌతమి ఒడ్డు: బాడిత గారూ, కలప ఎక్కడిదో మీ నాన్నగారు చెప్పారా?

బాడిత: కొన్ని దూలాలు విప్పిన ఓడలవే అనేవాడు. పాత మేకుల రంధ్రాలుంటాయి, చూసుకోండి.

తాళ్ళరేవు వాసి: మా రెండో దూలానికి నాలుగున్నాయి, వరసగా. ఇన్నాళ్ళూ పురుగు తొలిచిందనుకున్నాను. కలప వ్యాపారి శుక్రవారం వస్తానన్నాడు. ఈలోపు మీరొకసారి వచ్చి చూస్తారా?

బాడిత: విప్పడానికైతే రాను. చెద తీసి బిగించడానికైతే వస్తాను. కూలి ముందే మాట్లాడుకుందాం.