ఈమెయిల్‌లో క్యాపిటల్, స్మాల్ తేడా: పోస్ట్‌గ్రెస్‌కు మారాక లాగిన్ సమస్య

ప్రశ్న: మా కళాశాల గ్రంథాలయ అప్లికేషన్ డేటాబేస్‌ను గత వారం మైఎస్‌క్యూఎల్ 8 నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మార్చాము. అప్పటి నుంచి ఈమెయిల్ మొదటి అక్షరాన్ని క్యాపిటల్‌లో కొట్టిన విద్యార్థులకు లాగిన్ కావడం లేదు. ఫోన్ కీబోర్డే ఆ అక్షరాన్ని క్యాపిటల్ చేస్తున్నందువల్ల రోజూ ఫిర్యాదులు వస్తున్నాయి. క్వెరీల్లో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల్లో) సమానం గుర్తు తీసేసి ఐలైక్ (క్యాపిటల్, స్మాల్ తేడా చూడకుండా పోల్చే ఆపరేటర్) పెడితే సరిపోతుందా?

సమాధానం: దయచేసి లాగిన్‌కు ఐలైక్ వాడకండి. దానికి అండర్‌స్కోర్ అంటే ‘ఏదైనా ఒక అక్షరం’ అని అర్థం కాబట్టి, రవి_కుమార్ అని వెతికితే రవి-కుమార్ అనే వేరొకరి ఖాతా కూడా దొరుకుతుంది.

ఇన్నాళ్లూ ఈ తేడాను పట్టించుకోనిది మీ కోడ్ కాదు, మైఎస్‌క్యూఎల్ కొలేషన్, అంటే అక్షరాలను ఎలా పోల్చాలో చెప్పే నియమం. 8వ వెర్షన్ డిఫాల్ట్ కొలేషన్ పేరు చివర ఉండే ‘సీఐ’ (కేస్ ఇన్‌సెన్సిటివ్)కి అర్థం అదే. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా రెండు మాటలు బైటు బైటుకూ ఒకటైతేనే సమానం.

ముందుగా లోయర్(ఈమెయిల్), అంటే అన్నీ స్మాల్ అక్షరాలుగా మార్చిన ఈమెయిల్, మీద గ్రూప్ బై చేసి (ఒకేలా ఉన్నవాటిని ఒకచోట చేర్చి), ఒకటికి మించి వరుసలున్నవాటిని బయటికి తీయండి. లాగిన్ కాని విద్యార్థులు ఈ వారంలో మళ్లీ రిజిస్టర్ అయి ఉంటే, ఒకే ఈమెయిల్ రెండుసార్లు రాకూడదనే పాత యూనిక్ నిబంధన వారిని ఆపి ఉండదు, ఎందుకంటే దానికి క్యాపిటల్ తేడా ఉన్నవి వేర్వేరు ఈమెయిల్‌లే. అలాంటి రెండు ఖాతాలనూ, వాటి మీద రాసి ఉన్న పుస్తకాల లెక్కనూ చేత్తోనే కలపడం మంచిది. ఆ తరువాతే లోయర్(ఈమెయిల్) మీద యూనిక్ ఇండెక్స్ వేసి, క్వెరీలో సమానం గుర్తుకు రెండు వైపులా లోయర్ పెట్టండి. లోయర్ లేకుండా కాలమ్ పేరు మాత్రమే రాస్తే ఆ ఇండెక్స్ పనికిరాదు. క్వెరీలు మార్చడం కష్టమనుకుంటే కాలమ్ రకాన్ని సైటెక్స్ట్‌గా (క్యాపిటల్, స్మాల్ తేడా చూడని టెక్స్ట్ రకం) మార్చవచ్చు, కానీ నేనైతే ఇండెక్స్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే టేబుల్ నిర్మాణం చూసినవారికి నియమం అక్కడే కనిపిస్తుంది.

ప్రశ్న: ధన్యవాదాలండీ, పదకొండు జంట ఖాతాలు బయటపడ్డాయి. మా టెస్టులు ఎస్‌క్యూలైట్ అనే మరో చిన్న డేటాబేస్ మీద నడుస్తాయి, వాటిని నమ్మవచ్చా? పుస్తకాల పేర్లు తెలుగులో ఉన్నాయి, వాటికీ లోయర్ పెట్టాలా?

సమాధానం: ఈ విషయంలో నమ్మవద్దు. ఎస్‌క్యూలైట్‌లో సమానం గుర్తు తేడా చూస్తుంది, లైక్ (నమూనాతో వెతికే ఆపరేటర్) మాత్రం చూడదు, అదీ ఇంగ్లిష్ 26 అక్షరాలకే. పోస్ట్‌గ్రెస్‌లో లైక్ తేడా చూస్తుంది కనుక ఇక్కడ గెలిచిన టెస్టు అక్కడ ఓడిపోవచ్చు. టెస్టులను కూడా పోస్ట్‌గ్రెస్ మీదే నడపండి.

తెలుగు లిపిలో క్యాపిటల్, స్మాల్ అనేవే లేవు కాబట్టి లోయర్ ఆ పేర్లను ముట్టుకోదు. పేరు మధ్యలో ఇంగ్లిష్ మాటలుంటే మాత్రం వెతికే చోట పెట్టండి.