బ్యాగులో పట్టే టేక్‌డౌన్ విల్లు: 54 అంగుళాలా, 62 అంగుళాలా?

ప్రశ్న: 45 లీటర్ల బ్యాగులో పట్టే మూడు ముక్కల టేక్‌డౌన్ రికర్వ్ (విడదీసి సర్దుకునే, కొసలు ముందుకు వంగిన విల్లు) కోసం చూస్తున్నా. నా డ్రా (నారిని లాగే దూరం) 29 అంగుళాలు. 54 అంగుళాల విల్లయితే సర్దుకోవడం తేలికనిపిస్తోంది. సరిపోతుందా?

జవాబు 1: ఆ డ్రాకి 54 వద్దండి. పూర్తిగా లాగేసరికి నారి కోణం మూసుకుపోయి వేళ్లు నలుగుతాయి, ఆఖరి అంగుళంలో లాగే బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. 60 లేదా 62 తీసుకోండి. విడదీశాక ఒక్కో ముక్కకి పెరిగేది రెండు మూడు అంగుళాలే. విల్లు మీద రాసే పౌండ్లు 28 అంగుళాల డ్రా దగ్గర లాగే బరువు. మీ చేతికి ఇంకో రెండు మూడు పడతాయి.

జవాబు 2: విల్లు సరే, బాణాలో? అవే బ్యాగులో పొడవైన వస్తువు. మధ్యలో మరతో కలిపే బాణాలు దొరుకుతాయి. లేదంటే గట్టి ట్యూబులో పెట్టి బ్యాగు పక్కన కట్టుకోండి. విమానంలో మొత్తం చెక్-ఇన్‌కే.

జవాబు 3: బిగించే ముందు లింబ్ (పిడికి పైనా కిందా బిగించే, వంగే ముక్క) కూర్చునే గాడి తుడవండి. ఇసుక రేణువు ఇరుక్కున్నా లింబ్ పక్కకి వాలుతుంది. నారి స్ట్రింగర్‌తోనే (విల్లు వంచి నారి ఎక్కించడానికి వాడే తాడు) ఎక్కించండి, కాళ్ల మధ్య వంచితే లింబ్ మెలిపడుతుంది. బ్రేస్ హైట్ (నారి ఎక్కించాక పిడికీ నారికీ మధ్య దూరం) 62కి సుమారు 7.5 నుంచి 8.25 అంగుళాలు. ఆ కొలతని ఒక బాణం మీద గీత గీసి పెట్టుకుంటే టేపు మోయక్కర్లేదు. తగ్గిందా, నారి విప్పి నాలుగైదు మెలికలు ఎక్కువ వేయండి. ఇంకో నారి జేబులో ఉండాల్సిందే. ఎండలో నిలిపిన కారులో మాత్రం విల్లు వదలొద్దు, లింబ్ పొరలు విడిపోతాయి.